వంటనూనెలు, నెయ్యి, దేహారోగ్యము: రాష్ట్రేతరాంధ్రుల ఆహారముపై ఒక పరిశీలన

తెలుగున 'నూనె' యను మాట నువ్వుల నుండి పుట్టినది. నువ్వు, నెయ్యి యను రెండు పదముల కలయికయే నూనె. అనగా నువ్వుల నుండి తీసిన నెయ్యి. తమిళుల 'ఎణ్ణెయ్', కన్నడిగుల 'ఎణ్ణె' యను మాటలును ఇట్లే నువ్వునకు పేరగు 'ఎళ్', 'నెయ్' అను పదముల చేరికచే నేర్పడినవి. ఒరియా, మరాఠీ భాషలలోని నూనె పేరునకు మూలమగు సంస్కృత 'తైల' శబ్దము సైతము 'తిల' శబ్దము నుండి వచ్చినదే. కావున తెలుగువాడు బళ్లారి యంగడిలోగాని, మధుర యంగడిలోగాని, బరంపురమునగాని, షోలాపురమునగాని, ఏ భాషలో నూనె యడిగినను, తెలియకయే నువ్వుల పేరెత్తుచున్నాడు.

అయితే ఆ పేరుతో నేడు మన యిండ్లకు వచ్చుచున్నది చాలవరకు నువ్వుల నూనె కాదు. తెలుగువారు ఏ ప్రాంతమునకు పోయి స్థిరపడిరో ఆ ప్రాంతపు గానుగనే తమ గానుగగా చేసికొనిరి. తమిళదేశమున శతాబ్దములుగా నున్న తెలుగు కుటుంబములు ఇరుగుపొరుగు వారివలెనే నువ్వుల నూనెను 'నల్లెణ్ణెయ్' అని పిలుచును. మంచి నూనె యని దాని యర్థము. మనకును 'మంచినూనె' యను మాట కలదు. గంజాము ప్రాంతము వారికి ఆవనూనెయు, ఆవముద్ద కలిపిన కూరలును పరిచితములు. మగ్గములతో షోలాపురము చేరిన పద్మశాలీలకు కుసుమ గింజల నూనె, వేరుసెనగ నూనె, అవిసె గింజల పొడి అందుబాటులో నున్నవి. కర్ణాటకమున 'హుచ్చెళ్ళు' అనబడు గింజలు మన వెర్రినువ్వులే, అరకులోయను పసుపుపచ్చని పూలతో కప్పు వలిసెలే. 'హుచ్చు' అన్నను వెర్రి యనియే యర్థము. యానాము వారికి గౌతమీ గోదావరి చేపల రూపమున మఱియొక క్రొవ్వును అందించుచున్నది. దానిని గూర్చి ముందు చెప్పుదుము.

వేరుసెనగ నూనె తరతరాల నుండి మనదే యని చాలమంది నమ్మకము. ఆ మొక్క దక్షిణ అమెరికా ఖండమునకు చెందినది. తమిళమున దానికి గల 'మణిలా కొట్టై' యను పేరును, ఒరియాలోని 'చీనా బాదం' అను పేరును అది సముద్రముమీదుగా వచ్చిన సంగతిని నేటికిని చెప్పుచున్నవి. పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున దక్షిణార్కాటు ప్రాంతమున దాని సాగు విస్తరించి, పుదుచ్చేరి రేవు నుండి ఫ్రాన్సు దేశపు మార్సెయిల్ నగరమునందలి నూనె మిల్లులకు గింజలు ఎగుమతి యయ్యెను. రాయలసీమ మెట్టభూములలో అది ప్రధాన పంట యగుట అటుపిమ్మట జరిగినది. ఇంతకును, మన పూర్వులు తినిన నూనె గనుక మనకును పడునను వాదము వేరుసెనగ విషయమున కొలది తరముల కంటె వెనుకకు పోజాలదు.

ఈ నూనెలలో ఏది మంచిదను ప్రశ్న ప్రతి యింటను వినబడుచున్నది. దానికి సమాధానముగా ఒక్క నూనె పేరు చెప్పుట తేలిక. కాని అది సరియైన సమాధానము కాదు. ఒకే యింటిలో రెండు విపరీతములు కలిసి నడచుట తఱచుగా చూచుచున్నాము. హృద్రోగ భయమున ఇంటికి నెయ్యి తెచ్చుట మాని, ఎదుగుచున్న పసిబిడ్డ పప్పన్నములో సైతము చుక్క నెయ్యి లేకుండ జేయుదురు. ఆ యింటివారే సాయంకాలము అంగడి పకోడీలను, పొరలుపొరలుగా విరుగు బేకరీ పఫ్ లను నిస్సంకోచముగా తెప్పించుకొందురు. క్రొవ్వు అన్న మాట క్రింద పరస్పరము పోలికలేని పదార్థములు చేరియుండుటచే ఈ పొరపాటు కలుగుచున్నది. వానిని విడదీసి చూడనిదే నిర్ణయము కుదురదు.

చరక సంహితలో స్నేహములు నాలుగని చెప్పబడినది: ఘృతము, తైలము, వస, మజ్జ. పూర్వులు వానిని పుట్టుక ననుసరించి విభజించిరి. ఆధునిక రసాయన శాస్త్రము నిర్మాణము ననుసరించి విభజించుచున్నది. ఈ మార్గమునకు ఆద్యుడు ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రెల్. 1823లో ఆయన ప్రచురించిన గ్రంథము ద్వారా క్రొవ్వులు గ్లిసరిన్, కొన్ని ఆమ్లములు కలిసి యేర్పడిన పదార్థములని స్పష్టమైనది. ఒక గ్లిసరిన్ అణువు మూడు క్రొవ్వు ఆమ్లములను చేతులతో పట్టుకొన్నట్లుండును. నెయ్యియైనను, నువ్వుల నూనెయైనను, పందికొవ్వైనను మూలనిర్మాణ మిదియే. భేద మంతయు ఆ మూడు ఆమ్లములలో నున్నది.

క్రొవ్వు ఆమ్లము కర్బన పరమాణువుల గొలుసు. గొలుసులోని ప్రతి కర్బనమును పట్టగలిగినన్ని ఉదజని పరమాణువులను పట్టుకొనియున్నచో అది సంతృప్తము. ఒకచోట రెండు ఉదజనులు తక్కువై ఆ చోట జంట బంధమున్నచో ఏక అసంతృప్తము. అట్టి చోట్లు రెండో, అంతకంటె ఎక్కువో యున్నచో బహు అసంతృప్తము. సంతృప్తామ్లపు గొలుసు తిన్నగా నుండును. తిన్నని కట్టెలను మోపు కట్టినట్లు అవి ఒకదానితో నొకటి ఒత్తుకొని గడ్డకట్టును. జంట బంధమున్న చోట గొలుసు వంగును. వంకర కట్టెలతో మోపు కుదురనట్లే ఆ అణువులు దగ్గరకు చేరలేక ద్రవముగా నిలుచును. మార్గశిరమున గిన్నెలో నెయ్యి పేరుకొనుటకును, ప్రక్కనే సీసాలో నువ్వుల నూనె పారుచుండుటకును కారణమిదియే.

ఈ దృష్టితో మన నూనెలను చూడనగును. కొబ్బరినూనెలో సుమారు 90 శాతము సంతృప్తామ్లములే. అందు సగమునకు దగ్గరగా లారిక్ ఆమ్లము. నెయ్యిలో సంతృప్తములు 60 శాతమునకు పైన. తాటిజాతి చెట్టు నుండి వచ్చు పామాయిలులో సగము. వేరుసెనగ నూనెలో సంతృప్తములు అయిదవ వంతు కాగా, మిగిలినదానిలో ఒలీక్ అను ఏక అసంతృప్తామ్లము అధికము. నువ్వుల నూనెలో ఒలీక్, లినోలీక్ ఆమ్లములు ఇంచుమించు సమానముగా నుండును. దానిలోని సెసమాల్ మొదలగు పదార్థములు గాలి తగిలినను త్వరగా చెడకుండ కాపాడును. ఊరగాయలకు మన పెద్దలు దానినే కోరుట అనుభవము నేర్పిన రసాయన శాస్త్రము. సాధారణ కుసుమ నూనెలో బహు అసంతృప్తమగు లినోలీక్ ఆమ్లము నాలుగింట మూడు వంతులు. వెర్రినువ్వులును దాదాపు ఆ కోవలోనివే. అవిసె నూనెలో సగమునకు పైగా ఆల్ఫా లినోలెనిక్ అనెడి వేఱొక బహు అసంతృప్తామ్లము కలదు. ఆవనూనెలోను అది తగినంత యున్నది. వేరుసెనగలోను, నువ్వులలోను, కుసుమలలోను అది లేదనియే చెప్పవచ్చును.

ఈ చివరి రెండు ఆమ్లముల పేర్లు, లినోలీక్, ఆల్ఫా లినోలెనిక్, గుర్తుంచుకొనదగినవి. దేహము అన్నము నుండియు, చక్కెర నుండియు తనకు కావలసిన క్రొవ్వును చాలవరకు తానే చేసికొనగలదు. ఈ రెంటిని మాత్రము చేసికొనలేదు. 1929లో అమెరికాలో బర్ దంపతులు ఎలుకలకు క్రొవ్వు ఏ మాత్రము లేని యాహారమును పెట్టి చూచిరి. వాని చర్మము పొలుసులు గట్టెను, ఎదుగుదల నిలిచెను. అంతవరకు క్రొవ్వు ఇంధనము మాత్రమే యని యెంచినవారికి ఆ ప్రయోగము కనువిప్పయ్యెను. అప్పటినుండి వీనికి ఆవశ్యక క్రొవ్వు ఆమ్లములను పేరు వచ్చినది.

ఇంధనముగా దాని విలువ అందరెరిగినదే. గ్రాము పిండిపదార్థము 4 క్యాలరీల శక్తి నీయగా, గ్రాము క్రొవ్వు 9 క్యాలరీల నిచ్చును. తక్కువ బరువులో ఎక్కువ శక్తిని దాచుటకు అంతకంటె అనువైన పదార్థము దేహమునకు లేదు. చర్మము క్రింద చేరి వెచ్చదనమును నిలుపును. మూత్రపిండముల చుట్టు మెత్త వలె నుండి దెబ్బల నుండి కాపాడును. అయితే ఇంతకంటె ముఖ్యమైన పని కంటికి కానరానిది. దేహములోని ప్రతి జీవకణమునకు గల పలుచని గోడ క్రొవ్వు జాతి పదార్థములతో నిర్మితము. మెదడులోని నీటిని తీసివేసి తూచినచో మిగిలినదానిలో సగమునకు పైగా ఈ జాతివే. తల్లిపాలలోని శక్తిలో దాదాపు సగము క్రొవ్వు నుండియే బిడ్డకు చేరుచున్నది. ప్రకృతి యే నిష్పత్తిలో క్రొవ్వును బిడ్డకిచ్చుచున్నదో గమనింపక, రెండేండ్లు నిండని పసివానికి నూనె, నెయ్యి తగ్గించుట అన్యాయము. చిన్న కడుపు పట్టెడి గుప్పెడు అన్నములో చాలినంత శక్తి చేరవలెనన్న చెంచాడు నెయ్యి, లేక నూనె, కలుపుటయే మార్గము.

విటమినుల సంగతి దీనికి తోడైనది. 1913లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున మెకాలమ్, డేవిస్ అనువారు వెన్నలోను, గ్రుడ్డుసొనలోను గల ఒక పదార్థము లేనిచో ఎలుకలు ఎదుగవని కనుగొనిరి. అదియే తరువాత ఎ విటమిన్ అని పేరొందినది. ఎ, డి, ఇ, కె విటమినులు క్రొవ్వులో కరిగి, క్రొవ్వుతోనే పేగుల నుండి రక్తమును చేరును. తోటకూర, మునగాకు, గుమ్మడిలలోని కెరోటీను దేహములో ఎ విటమినుగా మారవలసియున్నది. కాని వాని వెంట నూనె బొత్తిగా లేకున్న అందులో పెద్దభాగము వ్యర్థముగా వెడలిపోవును. ఆకుకూర పప్పులో తాలింపు రుచి కొఱకు మాత్రమే కాదు. ఎ విటమిను లోపమున పసివారి కన్నులు పోవుట మన దేశమున బహుకాలము పెద్ద విపత్తుగా నుండెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనల ఫలితముగా 1970లో ఆరునెలల కొకసారి చిన్నపిల్లలకు 2 లక్షల యూనిట్ల ఎ విటమిను నోటిద్వారా నిచ్చు జాతీయ పథకము ఆరంభమైనది. ఈ సంస్థ 1918లో నీలగిరులలోని కూనూరున చిన్న పరిశోధనశాలగా పుట్టి 1958లో హైదరాబాదునకు తరలివచ్చినదని తమిళనాటి తెలుగువారికి జ్ఞాపకము చేయుట అప్రస్తుతము కాదు.

తినిన క్రొవ్వు జీర్ణమగు తీరు విచిత్రము. నూనెయు నీరును కలియవు గదా. పేగులలోని రసములు నీటివంటివి. కాలేయము నుండి వచ్చు పైత్యరసము నూనెను సూక్ష్మ బిందువులుగా చీల్చును. క్లోమరసములోని లైపేజ్ వానిని కోసి ఆమ్లములను విడదీయును. పేగుగోడ దాటిన తరువాత అవి మరల కూడి, మాంసకృత్తుల తొడుగు తొడిగికొని రక్తమున ప్రయాణించును. కాలేయము కూర్చి పంపెడి ఇట్టి పడవలలో ఒక రకమునకు ఎల్.డి.ఎల్. అని పేరు. కొలెస్టరాలును ముఖ్యముగా మోయునది అదియే. కొలెస్టరాల్ స్వతః విషము కాదు. పైత్యరసములోని ఆమ్లములు, కొన్ని హార్మోనులు, డి విటమిను దాని నుండియే తయారగును. ఎల్.డి.ఎల్. పడవలు రక్తములో మితిమీరినపుడు మాత్రము ధమనుల గోడలలో చిక్కుకొని పేరుకొనును. హృదయమునకు రక్తమును గొనిపోవు నాళములు క్రమముగా ఇరుకగును. కణములు ఈ పడవలను రక్తము నుండి లోనికి లాగుకొను ద్వారములను కనుగొన్న బ్రౌన్, గోల్డ్ స్టీన్ లకు 1985లో నోబెల్ బహుమానము లభించినది. సంతృప్తామ్లములు ఎక్కువైనచో కాలేయమందలి ఆ ద్వారములు తగ్గి, రక్తమున ఎల్.డి.ఎల్. పెరుగును. వానికి బదులుగా బహు అసంతృప్తములను తినినచో తగ్గును.

నెయ్యిని సమర్థించువారు ఇచ్చట ఒక పరిశీలనను ఎత్తి చూపుదురు. 1967లో ఎస్. ఎల్. మల్హోత్రా భారతీయ రైల్వే ఉద్యోగులను గూర్చి ప్రకటించిన వ్యాసమున, పాలక్రొవ్వును అధికముగా తినెడి ఉత్తరాది వారికంటె, విత్తనపు నూనెలను కొద్దిగా వాడెడి దక్షిణాది వారిలోనే హృద్రోగ మరణములు చాల ఎక్కువగా నుండెనని తేలినది. ఆ వ్యాసము విలువ కలదే. కాని రెండు ప్రాంతముల జనులకు నూనెలోనే కాక పనిలో, ధాన్యములో, భోజనపు తీరులో, మఱియెన్నింటిలోనో భేదము లుండును. ఒక్క వ్యత్యాసమును వేలుపెట్టి చూపి ఇదియే కారణమనుట సాధ్యము కాదు. మనుష్యులకు ఒక క్రొవ్వును మాన్పి వేఱొకటి యిచ్చి రక్తమును పరీక్షించిన ప్రయోగములు నమ్మదగినవి. అవి పైన చెప్పిన నిర్ణయమునే బలపరచుచున్నవి. అయితే నెయ్యిని తగ్గించి ఆ లోటును తెల్లబియ్యముతోను, చక్కెరతోను పూరించినవానికి మేలు కలుగదు. రక్తములో ట్రైగ్లిసరైడులు హెచ్చి, మేలుచేయునని పేరున్న హెచ్.డి.ఎల్. తగ్గుట మనవారిలో సామాన్యముగా కనబడు లక్షణము. దానికి నెయ్యికంటె అన్నపురాశియే ఎక్కువ బాధ్యత వహింపవలెను.

ఇక వనస్పతి. పల్లెలలో నేటికిని ఏ కంపెనీ సరుకునైనను డాల్డా యనియే పిలుచుట వాడుక. ఆ సరుకు 1937లో మన దేశపు అంగళ్లలోనికి వచ్చినది. నెయ్యి కొనలేనివారికి నెయ్యివంటి దాని నందించుట దాని యుద్దేశము. నూనెలో నికెల్ లోహపు పొడి నుంచి, వేడిమితో ఉదజని వాయువును పంపినచో జంట బంధములు నిండి నూనె గట్టిపడును. జర్మనుడగు నార్మన్ 1902లో దీనికి పేటెంటు పొందెను. నూనెను పూర్తిగా గట్టిపరచక నడిమధ్యలో నాపినపుడు చిక్కు వచ్చినది. మిగిలిన జంట బంధములలో కొన్ని తమ సహజమైన వంపును కోల్పోయి తిరుగబడును. అప్పుడా గొలుసు అసంతృప్తమైయుండియు, సంతృప్తమువలె తిన్నగా నగును. దీనికే ట్రాన్స్ క్రొవ్వు అని పేరు. 1990లో హాలెండు దేశమున మెన్సింక్, కాటన్ అను శాస్త్రజ్ఞులు చేసిన ప్రయోగములో, ట్రాన్స్ క్రొవ్వు ఎల్.డి.ఎల్. ను పెంచుటయే కాక హెచ్.డి.ఎల్. ను తగ్గించునని కూడ బయటపడినది. సంతృప్తములు రెండవ కీడు చేయవు. అంటే, నెయ్యికి ప్రతినిధిగా వచ్చినది నెయ్యికంటె చెడ్డదయ్యెను. దీనిని మొట్టమొదట చట్టముతో కట్టడి చేసినది డెన్మార్కు, 2003లో. మన దేశమున నూనెలు, క్రొవ్వులలో ట్రాన్స్ భాగము 2021 జనవరి నుండి 3 శాతమునకును, 2022 జనవరి నుండి 2 శాతమునకును మించరాదని నిబంధన యేర్పడినది.

వనస్పతి చరిత్రలో నువ్వులకు ఒక వింత పాత్ర దక్కినది. వనస్పతిని నెయ్యిలో కలిపి అమ్ము మోసమును పట్టుటకై, ప్రతి వనస్పతిలోను 5 శాతము నువ్వుల నూనె కలుపవలెనని మన ఆహార చట్టములు విధించినవి. నువ్వుల నూనె తగిలిన పదార్థమును హైడ్రోక్లోరిక్ ఆమ్లముతోను, ఫర్ఫ్యూరాల్ అను ద్రవముతోను కలిపి కుదిపినచో ఎఱ్ఱరంగు వచ్చును. దీనిని బౌడువాన్ పరీక్ష యందురు. నెయ్యి యెఱ్ఱబారినచో అందు వనస్పతి కలిసినదని తెలియును. భాషకు పేరిచ్చిన గింజయే కల్తీకి సాక్ష్యమిచ్చినది.

ఒరిస్సా తెలుగువారి ఆవనూనెను గూర్చి రెండు మాటలు. దానిలో ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లము ఉండుట మేలు. ఎరూసిక్ అను ఆమ్లము సగమునకు దగ్గరగా నుండుట సందేహములకు తావిచ్చినది; ఎలుకల గుండె కండరములలో దానివలన క్రొవ్వు చేరుట కనబడినందున కొన్ని దేశములు ఆవనూనెను వంటకు అంగీకరింపలేదు. తరతరాలుగా దానిని తినిన మనుష్యులలో అట్టి కీడు రుజువు కాలేదు. కావున దానిని మానవలసిన పనిలేదు, దానినే నమ్ముకొనవలసిన పనియు లేదు. అసలు భయము కల్తీది. బ్రహ్మదండి గింజలు ఆవగింజలను పోలియుండును. వాని నూనె కలిసినచో కాళ్లు వాచి, గుండె దెబ్బతినును. 1998లో ఢిల్లీ నగరమున ఈ కల్తీవలన పలువురు మరణించిరి. నిలువ నూనెను విడిగా, ముద్ర లేని డబ్బాల నుండి కొనుట ఏ నూనె విషయముననైనను తగదు.

మరల మరల కాగిన నూనె మఱియొక ప్రమాదము. బహు అసంతృప్తములు ఎక్కువగా నున్న కుసుమ, పొద్దుతిరుగుడు నూనెలు పచ్చిగను, తాలింపులోను మంచివైనను, మూకుడులో గంటలతరబడి కాగుటకు తాళలేవు. వేడికి అవి విరిగి, జిగటగా మారి, నురుగు కట్టును. ఇట్లు విరిగిన పదార్థములు 25 శాతము దాటిన నూనెను వాడరాదని ఆహార భద్రతా నిబంధనలు చెప్పుచున్నవి. వీధి అంగడిలో ఈ కొలత తీయువా డెవడు? నల్లబడి, పొగ త్వరగా వచ్చు నూనెను చూచి మనమే తప్పుకొనవలెను.

పరిమాణము మాట చెప్పక ఏ నూనె మంచిదను చర్చ పూర్తికాదు. కూర్చుండి పనిచేయు పురుషునకు దినమునకు 25 గ్రాములు, స్త్రీకి 20 గ్రాములు కంటికి కనబడు క్రొవ్వు చాలునని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి నిర్ణయము. ధాన్యములలోను, పప్పులలోను, పాలలోను దాగియున్నది దీనికి అదనము. ఇద్దరు పురుషులు, ఇద్దరు స్త్రీలు గల యింటికి దినమునకు 90 గ్రాములు, మాసమునకు 2,700 గ్రాములు. అనగా ఇంచుమించు 3 లీటర్లు. ఈ లెక్కలోనే నెయ్యి, వెన్న, పండుగ పిండివంటలు, ఆవకాయపై తేలు నూనె అన్నియు చేరవలెను. నెలకు వచ్చు డబ్బాల నెంచి చూచుకొన్నచో, నూనె రకమును గూర్చి కలహించు అనేక గృహములలో అసలు తగవు కొలతదే యని తెలియగలదు.

కొలత కుదిరిన పిమ్మట రకమును ఎంచుట కష్టము కాదు. ఒకే నూనెను ఏడాది పొడుగున వాడక, వేరుసెనగ లేక నువ్వుల నూనెతో ఆవనూనెనో, అవిసె పొడినో జతచేసినచో రెండు ఆవశ్యకామ్లములును సమకూరును. షోలాపురపు తెలుగు గృహిణి మరాఠీ పొరుగువారి 'జవస' చట్నీని, కర్ణాటకమున నున్నవారు 'అగసె' పొడిని అన్నములోనికి తెచ్చుకొనుట తేలిక. రెండును మన అవిసెలే. అవిసె నూనెను మాత్రము మూకుడులో పోసి వేయించరాదు, అది త్వరగా చెడును. యానాము వారికి ఈ వెదకులాట అక్కరలేదు. వానకాలపు వరదకు సముద్రము నుండి గోదావరిలోని కెదురీదు పులస, ఒరియా వారి 'ఇలిశి', క్రొవ్వుతో నిండిన చేప. అవిసెలోని ఆమ్లము నుండి దేహము శ్రమపడి కొద్దిగా మాత్రమే చేసికొనగలిగిన పొడవు గొలుసు ఆమ్లములు, మెదడుకును, కంటిపాపకును కావలసినవి, అందు సిద్ధముగా నుండును. దాని ధర అందరికిని అందునది కాదు. అంతటి కీర్తి లేని కవ్వళ్ళు, కానగంతలు మొదలగు చౌక సముద్రపు చేపలలోను ఆ యామ్లములే యున్నవి. వారమునకు రెండుమార్లు పులుసుగా వండుకొన్నచో చాలును, నూనెలో వేయించిన ముక్క కంటె పులుసే మేలు.